భూమి ఎవరిది?
కౌంటు జిన్జెన్‌డార్ఫ్ గారి జీవితము

ధ్యాన భాగములు: లేవీయకాండము 25:23–28, కీర్తన 84, అపొస్తలుల కార్యములు 4:32–37



మన హత్నూర ప్రాంతమున పొలము ధర మాట రాని ఇల్లు ఈ దినములలో లేదు. పటాన్‌చెరు, బొల్లారము వైపున మొదలైన ఫ్యాక్టరీలు మన గుండ్ల మాచునూరు, బోర్పట్ల పొలిమేరల వరకు వచ్చినవి. ఒకప్పుడు వాన పడినయెడల జొన్నయు కందియు పండి, పడనియెడల ఎవరికిని అక్కరలేకపోయిన చెలక నేడు గజముల లెక్కన అమ్ముడుపోవుచున్నది. ధర పెరుగుట పాపము కాదు. గాని ధరతోపాటు తగవులును పెరుగుట మనమందరము చూచుచున్నాము.

మేము పరిచర్య చేయు సంఘములలో ఒకదానియందు ఇద్దరు అన్నదమ్ములు కలరు. తండ్రి బ్రతికియున్న దినములలో వారు ఒకే ఎడ్లబండిలో గుడికి వచ్చినవారు. తండ్రి విడిచిపోయిన రెండెకరములు పాసుపుస్తకములో ఒక్కని పేరనే ఎక్కినవని తగవు పుట్టినది. మూడేండ్ల నుండి ఒకడు ప్రభువు బల్ల యొద్దకు వచ్చినయెడల మరియొకడు లేచి బయటికి పోవుచున్నాడు. మేము రెండు ఇండ్లకును పోయితిమి. రెండు చోట్లను చాయ ఇచ్చిరి. రెండు చోట్లను కాగితములు తెచ్చి చూపిరి. ప్రార్థనకు మాత్రము రెండు చోట్లను తొందరపడిరి. ఆ రాత్రి మేము నిద్రపట్టక, సెమినరీలో చదువుకొన్న కాలమున విన్న ఒక భక్తుని జీవితమును జ్ఞాపకము చేసికొంటిమి. ఆయన వద్ద మనవారెవరికిని లేనంత భూమి ఉండెను. దానితో ఆయన ఏమి చేసెనో, ఆ భూమి తరువాత ఎవరెవరి చేతులలోనికి పోయెనో మీకు చెప్పగోరుచున్నాము.

బాల్యము

నికోలస్ లుడ్విగ్ వాన్ జిన్జెన్‌డార్ఫ్ గారు 1700వ సంవత్సరము మే 26వ తేదీన, జర్మనీ దేశమందలి సాక్సనీకి ముఖ్యపట్టణమైన డ్రెస్డెనులో జన్మించిరి. కౌంటు అనునది అచ్చటి గొప్ప కుటుంబముల బిరుదు. నైజాము కాలపు జాగీర్దారులను తలంచుకొనినయెడల ఆ హోదా మనకు కొంత తెలియును. బిడ్డకు ఆరు వారములు నిండగానే తండ్రి మరణించెను. నాలుగేండ్లకు తల్లి మరల వివాహము చేసికొని ప్రష్యాకు పోయెను. బాలుడు గ్రోస్‌హెన్నెర్స్‌డార్ఫ్ అను గ్రామములో అమ్మమ్మ యింట పెరిగెను. ఆ అమ్మమ్మ పేరు హెన్రియెట్టా కాతరీనా. ఆమె చదువుకొన్నది, భక్తిగలది, కీర్తనలు రచించినది. తండ్రి లేని బిడ్డకు దేవుడు ఆ యింటిలోనే తన మాటలు వినిపించెను.

పదియవ యేట ఆయనను హాల్లే పట్టణములో ఫ్రాంకె గారి పాఠశాలకు పంపిరి. ఆ పాఠశాల మనకును దూరపుది కాదు. మన దేశమునకు వచ్చిన మొదటి ప్రొటెస్టెంటు మిషనరీ జీగెన్‌బాల్గ్ గారు 1706లో తరంగంబాడిలో దిగిరి. వారి పని వార్తలు హాల్లేకే చేరుచుండెను. 1715లో జీగెన్‌బాల్గ్ గారు తామే హాల్లేకు పోయినప్పుడు మన బాలుడు అచ్చట చదువుచుండెను. తరువాతి కాలమున షుల్జ్ గారు మద్రాసులో తెలుగు నేర్చి వేదవాక్యములను తెలుగులోనికి త్రిప్పిరి. ఆయన వ్రాసిన తెలుగు క్రైస్తవ పుస్తకములు 1746, 1747 సంవత్సరములలో అచ్చుపడినది కూడ హాల్లేలోనే. మన తెలుగు అక్షరములు మొదట అచ్చెక్కిన పట్టణములో ఈ బాలుడు దూరదేశపు జనులకొరకు ప్రార్థించుట నేర్చుకొనెను.

కొనుగోలు

పెద్దల మాట చొప్పున ఆయన విట్టెన్‌బెర్గ్‌లో న్యాయశాస్త్రము చదివి, 1721లో డ్రెస్డెను రాజకొలువులో ఉద్యోగియైరి. మరుసటి యేడు, అనగా 1722 వసంత కాలమున, అమ్మమ్మ యొద్దనుండి బెర్తెల్స్‌డార్ఫ్ అను గ్రామపు ఎస్టేటును కొనిరి. ఊరు, పొలములు, అడవి, పాత కోటయిల్లు, వాటితోపాటు రైతులపై దొరహక్కు, ఇవన్నియు ఆ కొనుగోలులో చేరియుండెను. ఆ కాలమున అచ్చటి రైతు దొర సెలవు లేక ఊరు విడువరాదు. దొర పొలములో వెట్టి చేయవలెను. మన తాతలు గడీల యెదుట ఎట్లు నిలిచిరో పెద్దల నోట విన్నవారికి ఈ సంగతి వేరుగా వివరింప నక్కరలేదు.

ఆ యేడే సెప్టెంబరు 7వ తేదీన ఆయన ఎర్డ్‌మూత్ డొరొతేయా గారిని వివాహమాడిరి. దంపతులిద్దరును ఆ ఊరిలో మంచి పాదిరిని నిలిపి, బీదలకు పాఠశాలయు మందులును ఇచ్చి, నెమ్మదిగా బ్రతుకవలెనని తలంచిరి. దేవుని తలంపు అంతకంటె పెద్దదై యుండెను.

మొదటి చెట్టు

బెర్తెల్స్‌డార్ఫ్‌కు దక్షిణమున మొరావియా అను దేశము కలదు. 1415లో సత్యము కొరకు కాల్చబడిన జాన్ హస్ గారి బోధను పట్టుకొని, 1457లో మొదలైన సహోదరుల సంఘము అచ్చట ఉండెను. రాజులు దానిని అణగద్రొక్కగా, మిగిలినవారు రహస్యముగా బైబిలు చదువుకొనుచుండిరి. వారికి తోడుగా నిలిచినవాడు క్రిస్టియన్ డేవిడ్ అను వడ్రంగి. ఇతడు జిన్జెన్‌డార్ఫ్ గారిని కలిసికొని, ఆ జనులకు తావిత్తురా అని అడిగెను. రావచ్చునని ఆయన సెలవిచ్చిరి. ఆ మాట పట్టుకొని వడ్రంగి రాత్రివేళ నైసెర్ కుటుంబములవారిని ఎల్ల దాటించి తెచ్చెను. ఇల్లు, పొలము, పనిముట్లు అన్నియు విడిచి, బిడ్డలను ఎత్తుకొని వచ్చినవారు వారు.

వారు వచ్చునప్పటికి యజమాని డ్రెస్డెనులో నుండెను. ఎస్టేటు పనులు చూచు హైట్జ్ గారు వారికి హుట్‌బెర్గ్ అను గుట్ట ప్రక్కన తావు చూపెను. అది అడవి, చిత్తడి నేల, పాడైన బాట. 1722 జూన్ 17వ తేదీన క్రిస్టియన్ డేవిడ్ తన గొడ్డలితో మొదటి చెట్టును నరికెను. నరకుచు, పిచ్చుకకు సహితము దేవుని యొద్ద గూడు దొరికెనని చెప్పు 84వ కీర్తన మాటను తలంచుకొనెనని చెప్పుదురు. బిడ్డలకు పాలు కావలెనని అమ్మమ్మగారు ఒక ఆవును పంపెను. గొప్ప చరిత్రలు ఇట్టి చిన్న సంగతులతోనే మొదలగును. ఆ యేటి డిసెంబరులో జిన్జెన్‌డార్ఫ్ గారు భార్యతో బండిలో పోవుచు, చెట్ల నడుమ దీపపు వెలుగు చూచి దిగి, ఆ క్రొత్త యింటిలోనికి పోయి, వారితో మోకాళ్లూని ప్రార్థించిరి. దొర కూలివాని యింట మోకాళ్లూనుట ఆ కాలమున వాడుక కాదు. ఆ గ్రామమునకు హెర్న్‌హుట్ అను పేరు వచ్చెను. ప్రభువు కాపుదల అని దాని భావము.

తగవు, సమాధానము

ప్రియులారా, ఇప్పుడు మన అన్నదమ్ముల సంగతి వంటి సంగతి వచ్చుచున్నది. అయిదేండ్లలో అచ్చటి జనులు సుమారు 300 మంది యైరి. మొరావియావారు, లూథరన్ వారు, ఇతర తెగలవారు ఒక్కచోట చేరిరి. ఒకరి ఆరాధన మరియొకరికి సరిపడలేదు. ఆశ్రయమిచ్చిన కౌంటునే క్రీస్తు విరోధి యనియు, రోథె పాదిరిగారిని అబద్ధ ప్రవక్త యనియు కొందరు బోధింపసాగిరి. మొదటి చెట్టు నరికిన క్రిస్టియన్ డేవిడ్ సహితము వేరుపడి, ఊరి వెలుపల వేరే గుడిసె వేసికొని, తన బావి తానే త్రవ్వుకొనెను. ఒకే ఊరిలో నీరు కూడ వేరైనది!

భూమి తనది గనుక కౌంటు వారిని ఒక్క దినములో వెళ్లగొట్టవచ్చును. చట్టము ఆయన ప్రక్కన ఉండెను. ఆయన ఆ పని చేయలేదు. డ్రెస్డెను ఉద్యోగము నుండి సెలవు పుచ్చుకొని 1727లో హెర్న్‌హుట్‌కు వచ్చి, ఇల్లిల్లు తిరిగి, ప్రతివాని మాటయు వినిరి. మే 12వ తేదీన జనులందరిని కూర్చి, చీలికలు సంఘమును ఎట్లు చంపునో మూడు గంటలసేపు బోధించి, ఊరి కట్టడలను చదివిరి. హెర్న్‌హుట్ నివాసులు వెట్టి నుండియు దాస్యము నుండియు ఎల్లకాలమునకు విడుదల పొందిరని ఆ కట్టడలలో వ్రాయబడెను. ఆ విడుదల హెర్న్‌హుట్ వారికే వర్తించెను. అయినను ఒక దొర తన హక్కును తానే కొట్టివేసికొని సంతకము చేయుట సామాన్యము కాదు. హక్కు విడిచిన చేతిని చూచి జనులు కూడ పిడికిళ్లు విప్పి, ఒకరికొకరు చేయి ఇచ్చుకొనిరి.

ఆ వేసవిలో వారు కలిసి ప్రార్థించుట మానలేదు. ఆగస్టు 13వ తేదీన రోథె గారు వారిని బెర్తెల్స్‌డార్ఫ్ గుడిలో ప్రభువు బల్లకు పిలిచిరి. హెర్న్‌హుట్ నుండి గుడికి నడచు బాటలోనే, దూరమైనవారు ఇద్దరిద్దరుగా కలిసికొని మాటలాడుకొని, తప్పు ఒప్పుకొనిరి. గుడిలో వారి కన్నీళ్లు ఆగలేదు. ఆ నెలలోనే పురుషులు 24 మంది, స్త్రీలు 24 మంది గంటల లెక్కన ప్రార్థన పంచుకొనిరి. ఆ ప్రార్థన గొలుసు నూరు సంవత్సరములు తెగలేదు. తగవు తీరనియెడల ఆ ప్రార్థన మొదలై యుండునా? ఆలోచింపుడు.

లోకమునకు

1731లో జిన్జెన్‌డార్ఫ్ గారు డెన్మార్కు రాజు పట్టాభిషేకమునకు కోపెన్‌హేగన్ పోయి, సెయింట్ థామస్ దీవి నుండి వచ్చిన ఆంటన్ అను నల్లజాతి దాసుని కలిసికొనిరి. తన అక్క కూడ దేవుని మాటకొరకు ఎదురుచూచుచున్నదని ఆంటన్ చెప్పెను. ఫలితముగా 1732 ఆగస్టు 21వ తేదీన కుమ్మరియైన లియోన్‌హార్డ్ డోబెర్, వడ్రంగియైన డేవిడ్ నిట్ష్‌మాన్ హెర్న్‌హుట్ నుండి బయలుదేరిరి. మరుసటి యేడు మరికొందరు గ్రీన్‌లాండ్ మంచుదేశమునకు పోయిరి. కౌంటుగారు మరణించు నాటికి రెండు వందలకు పైగా మిషనరీలు ఆ చిన్న సంఘము నుండి వెళ్లియుండిరి. వారిలో పలువురు రైతులు, చేతిపనివారు. 1760లో వారిలో కొందరు మన దేశమునకు కూడ వచ్చి, తరంగంబాడి ప్రక్కన భూమి కొని, తోట వేసికొని, దాదాపు నలువది యేండ్లు నిలిచిరి.

ఇచ్చట ఒక తప్పును దాచక చెప్పవలెను. దావీదు పాపమును బైబిలు దాచలేదు గదా! 1738లో సెయింట్ థామస్ దీవిలో మిషనువారు ఒక చెరకు తోటను కొనిరి. ఆ కొనుగోలులో మట్టితోపాటు మనుష్యులు కూడ ఉండిరి. 1739లో జిన్జెన్‌డార్ఫ్ గారు అచ్చటికి పోయి చెరలోనున్న మిషనరీలను విడిపించిరి. గాని దాసులతో మాటలాడినప్పుడు, వారి దాస్యము దేవుని నిర్ణయమనియు, యజమానులకు లోబడవలెననియు బోధించిరి. హెర్న్‌హుట్‌లో వెట్టిని కొట్టివేసిన చేయి సముద్రము దాటగానే ముడుచుకొనెను. తన ఊరివానిని సహోదరుడుగా చూచి, దూరపువానిని అట్లు చూడకపోవుట భక్తులకును కలుగు గ్రుడ్డితనము. మన ఫ్యాక్టరీల యొద్ద రేకుల గదులలో నున్న ఒరిస్సా, బీహారు కూలివారిని మనమెట్లు చూచుచున్నామో మనలను మనము పరీక్షించుకొందము.

దేశబహిష్కారము

దొరలకు కౌంటుగారి పని నచ్చలేదు. తమ రైతులను లాగుకొనుచున్నాడని ఆస్ట్రియా చక్రవర్తి కొలువు నుండి ఫిర్యాదు పోయెను. ఆస్తిని అమ్మి దేశము విడువవలెనని సాక్సనీ ప్రభుత్వము ఆజ్ఞాపింపగా, ఆయన 1732లో బెర్తెల్స్‌డార్ఫ్‌ను తన భార్య పేర అమ్మిరి. 1736లో ఆయనను దేశము నుండి వెళ్లగొట్టిరి. 1747 వరకు తిరిగి వచ్చుటకు సెలవు దొరకలేదు. ఆ పదకొండేండ్లు ఎస్టేటు లెక్కలు, అప్పులు, అతిథులు, మిషను ఖర్చులు, అన్నిటి భారమును మోసినది ఎర్డ్‌మూత్ గారు. పన్నెండుమంది బిడ్డలను కని, వారిలో ఎక్కువమందిని చిన్నతనములోనే మట్టికిచ్చిన తల్లి ఆమె. భక్తుల చరిత్రలలో భార్యల పేరులు చిన్న అక్షరములలో వ్రాయుట వాడుక. గాని ఆమె చేయి లేనియెడల హెర్న్‌హుట్ నిలిచియుండదు.

దేశము విడిచిన దినములలో జర్మనీయందలి మరియొక ప్రభువు సంస్థానమున వారు హెర్న్‌హాగ్ అను ఊరు కట్టిరి. ఊరు చక్కగా పెరిగెను. 1750లో ఆ సంస్థానమునకు వచ్చిన క్రొత్త ప్రభువు, జిన్జెన్‌డార్ఫ్‌ను విడిచి తనకు ప్రమాణము చేసినవారే ఉండవచ్చునని, లేనివారు మూడేండ్లలో ఖాళీ చేయవలెనని ఆజ్ఞ వేసెను. దాదాపు వేయిమంది తాము కట్టుకొన్న ఇండ్లను విడిచి పోయిరి. సంస్థానపు ప్రభువునకు ఖాళీ ఇండ్లు మిగిలెను.

కౌంటుగారు 1739లో వెస్టిండీసుకును, 1741 నుండి 1743 వరకు అమెరికాకును పోయి వచ్చిరి. అమెరికాలో బేత్లెహేము అను ఊరికి 1741 క్రిస్మస్ ముందు రాత్రి ఆ పేరు పెట్టబడెను. 1753లో లండనులో సంఘపు అప్పులు పెరిగి, ఋణదాతలు తలుపు కొట్టగా, ఆ అప్పులను ఆయన తన మీద వేసికొనిరి. ఏకైక కుమారుడుగా మిగిలిన క్రిస్టియన్ రెనాటస్ 1752లోను, ఎర్డ్‌మూత్ గారు 1756లోను ప్రభువునందు నిద్రించిరి. మరుసటి యేడు ఆయన సంఘ సేవకురాలైన అన్నా నిట్ష్‌మాన్ గారిని వివాహమాడిరి. 1760 మే 9వ తేదీన హెర్న్‌హుట్‌లో ఆయన కన్నుమూసిరి. హుట్‌బెర్గ్ గుట్ట మీద, ఆశ్రయము పొందవచ్చిన సామాన్యుల సమాధుల మధ్యనే ఆయనను ఉంచిరి. అచ్చట ఇతరుల సమాధి రాళ్లు నేలకు సమముగా ఒకే విధముగా పరచబడియుండును. ఎవరు ఎంత భూమి కలవారో వాటిని చూచి చెప్పలేము.

భూమి ఏమైనది?

కౌంటుగారి తరువాత బెర్తెల్స్‌డార్ఫ్ కుటుంబ వారసుల చేతులలో నుండి, పిదప సంఘము చేతికి వచ్చెను. 19వ శతాబ్దములో లోకమంతటనున్న మొరావియను సంఘముల పెద్దలు కూర్చుండి ఆలోచించినది ఆ కోటయింటిలోనే. 1945 మే నెలలో యుద్ధము ముగియు వేళ హెర్న్‌హుట్ ఊరి నడుమ భాగము, గుడితో కూడ, కాలిపోయెను. తరువాత ఆ ప్రాంతము తూర్పు జర్మనీలో చేరగా, ఎస్టేటు ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రమాయెను. పైకప్పు కూలి, గోడలు పాడై, కోటయిల్లు శిథిలమగుచుండెను. జర్మనీ మరల ఒకటైన తరువాత, 1998లో కొందరు స్నేహితులు సంఘముగా ఏర్పడి, దానిని మెల్లగా బాగుచేసిరి. 2024 జూలైలో యునెస్కో సంస్థవారు హెర్న్‌హుట్‌ను ప్రపంచ వారసత్వ స్థలముల జాబితాలో చేర్చిరి.

లెక్కించి చూడుడు. అమ్మమ్మ, మనుమడు, భార్య, వారసులు, సంఘము, ప్రభుత్వము, స్నేహితుల కూటము: మూడు వందల యేండ్లలో కాగితము మీద పేరు ఎన్నిసార్లు మారెను! మన యొద్దను అంతే. 1949లో జాగీరులు రద్దయినవి. నిన్నటి జాగీర్దారుల పేరులు నేడు మన బిడ్డలు ఎరుగరు. లేవీయకాండము 25వ అధ్యాయములో దేవుడు భూమి తనదనియు, మనము తన యొద్ద పరవాసులమనియు తెలియజేసెను. కాగితము అక్కరలేదని మేము చెప్పుట లేదు. బీదవానికి పట్టా ఉండవలెను, విధవరాలి పేరు పాసుపుస్తకములో ఎక్కవలెను, అక్కచెల్లెండ్ర వాటా వారికి చేరవలెను. అందుకొరకు తహసీలు కచ్చేరీకి మేమును కొందరితో తిరిగియున్నాము. గాని కాగితము మనకు అప్పగింపబడినది కాపుదలకే. బెర్తెల్స్‌డార్ఫ్ దొరలు ఇంకెందరో యుందురు. వారిని లోకము తలంచుట లేదు. ఆశ్రయము వెదకి వచ్చినవానికి ఒక గుట్ట ప్రక్క తావు ఇచ్చినవానినే తలంచుచున్నది.

ఆత్మ పరీక్ష

మన పొలము వలన ఎవరికైన నీడ కలిగినదా, లేక తగవే కలిగినదా? మన హక్కు న్యాయమైనదే కావచ్చును; అయినను సహోదరుని కొరకు దానిలో కొంత విడువగలమా? మనము అమ్మిన పొలపు డబ్బు ఇంటిలోని ఆడబిడ్డకు, కౌలు చేసినవానికి, ముసలి తల్లికి చేరినదా? ప్రభువు బల్ల యొద్దకు వచ్చుటకు ముందు ఎవరి యింటి గడప త్రొక్కవలసియున్నది?

వచ్చు నెల మొదటి ఆదివారము మన గుడిలో ప్రభువు సంస్కారము ఆచరింపబడును. ఆ అన్నదమ్ముల ఇండ్ల నడుమ ఉన్నది ఒక వేపచెట్టు, ఒక బోరు మాత్రమే. హెర్న్‌హుట్ వారికి గుడి వరకు నడచు బాట చాలెను. వీరికి అంత దూరము కూడ లేదు. ఆ శనివారము సాయంకాలము మేము ఆ వేపచెట్టు క్రింద కూర్చుండి ఎదురుచూచెదము. రెండు ఇండ్లకును కబురు పంపితిమి. సంఘమంతయు ఆ గంట ప్రార్థనలో నుండవలెనని వేడుకొనుచున్నాము.

భూమ్యాకాశములను కలుగజేసిన తండ్రి మన పిడికిళ్లను విప్పును గాక. ఆమేన్.